బైబిల్లోని కురచ జుట్టు

అక్టోబర్ 4, 1982. సోమవారం, స్టడీ హాల్

ఈ నోట్‌బుక్ లాకర్‌లోనే ఉంటుంది. మా స్కూలు మొత్తంలో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఇంట్లో అయితే ఇంకో ముగ్గురు చదవగలరు. కాబట్టి ఇది ఇంటి గడప తొక్కదు.

పొద్దున్న మళ్ళీ యుద్ధం. ఆరుంబావుకి అమ్మమ్మ కొబ్బరినూనె సీసా, దువ్వెన పట్టుకుని నా మంచం పక్కన నిలబడింది. అరగంట. కదిలితే దువ్వెనతో నెత్తిమీద ఒక్కటి. రెండు జడలు ఎంత బిగించి అల్లుతుందంటే, కనుబొమ్మలు పైకి లేచిపోయి రోజంతా నేను ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తాను. మే నెలలో గుంటూరు నుంచి వచ్చింది మొదలు ఇదే వరస. ఇక్కడ పదిహేనేళ్ళ పిల్లలెవరూ నూనె జడలు వేసుకోరని చెప్తే, దేవుడిచ్చిన జుట్టుని గౌరవంగా ఉంచుకోవాలంటుంది. తాతయ్య పాస్టరు. ఆయన పోయి పదేళ్ళయినా అక్కడ అందరూ ఆవిణ్ణి పాస్టరమ్మగారనే పిలుస్తారు. పాస్టరమ్మగారితో వాదించి నెగ్గినవాళ్ళు లేరు.

అమ్మ సాయం రాదు. అమ్మ జుట్టు నడుం కిందదాకా ఉంటుంది. ఆస్పత్రిలో నర్సు డ్యూటీకి వెళ్ళేముందు తనూ అరగంట కూర్చుని దువ్వుకుని, ముడి చుట్టి, దాన్నిండా పిన్నులు గుచ్చుకుంటుంది.

హిస్టరీ క్లాసులో మిస్ హోలిస్ 1920ల గురించి మొదలుపెట్టింది. అప్పటి అమెరికాలో కొంతమంది ఆడపిల్లలు జడలు తెగ్గోసుకుని, మోకాళ్ళు కనిపించే గౌన్లు వేసుకుని, పెద్దవాళ్ళు వద్దన్న డాన్సులన్నీ చేశారట. వాళ్ళని ఫ్లాపర్లు అనేవారట. ఇప్పుడు మాలో ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో ఆ కాలపు మనిషి ఒకరిని తీసుకుని కథ రాయాలి. ఎంతైనా కల్పించుకోవచ్చు. చివరి పేజీలో మాత్రం ఏవేవి నిజమో రాసి సంతకం పెట్టాలి. మూడు కథలు ఏరి నవంబర్ 12న తల్లిదండ్రుల ముందు చదివిస్తారు. ఆ ముగ్గుర్లో ఒకరు మా రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో జరిగే రాష్ట్రపోటీకి వెళ్తారు. హోటల్లో రెండు రోజులు ఉండాలట. స్విమ్మింగ్ పూల్ కూడా ఉందట.

నాకు లాన్సింగ్ వెళ్ళాలనుంది. ఈ దేశానికొచ్చి ఏడేళ్ళయింది, ఈ ఊరు నోవైకి వచ్చి మూడేళ్ళు. ఇంతవరకూ నన్ను ఎవరూ దేనికీ ఎంచుకోలేదు.

కాని మా ఇంట్లో ఫ్లాపర్ ఎక్కడ?

అక్టోబర్ 7. గురువారం

దొరికింది.

నిన్న సాయంత్రం అమ్మమ్మ కళ్ళజోడు తెచ్చిపెట్టమంది. బైబిలు మీద ఉంది. తీస్తుంటే బైబిలు జారి కిందపడింది, కీర్తనల గ్రంథంలోంచి ఒక ఫోటో జారింది. ఒక అమెరికన్ దొరసాని, పక్కన చీరలో ఒక తెలుగమ్మాయి. ఇద్దరికీ చెవుల దగ్గరికి కత్తిరించిన జుట్టు. అమ్మాయి నవ్వుతోంది. ఆ ముక్కు నాకు తెలుసు, రోజూ అద్దంలో చూస్తాను. వెనక సిరాతో "దీనమ్మ, 1927" అని ఉంది.

దీనమ్మ అంటే అమ్మమ్మే.

అక్టోబర్ 8. శుక్రవారం, లంచ్

అడిగాను. ఫోటో లాక్కుని మళ్ళీ బైబిల్లో పెట్టేసి, "పెద్దవాళ్ళ వస్తువులు తిరగేయకు" అంది. చెవులు ఎర్రబడ్డాయి. ఏమీ లేకపోతే చెవులు ఎందుకు ఎర్రబడతాయి?

అక్టోబర్ 18. సోమవారం

తొమ్మిది పేజీలు రాసి ఇచ్చేశాను. శని, ఆదివారాలు రెండూ దానికే సరిపోయాయి, చర్చిలో కూడా రాశాను. నా కథలో దీనమ్మ గుంటూరు దగ్గర మిషన్ బోర్డింగ్ స్కూల్లో చదువుకుంటూ, తెల్లవారకముందే లేచి, కుట్టుపని క్లాసు కత్తెరతో తన జడ తనే కోసేసుకుంటుంది. దొరసాని గ్రామఫోన్ పెడితే వరండాలో చార్ల్‌స్టన్ డాన్సు చేస్తుంది. బోర్డింగ్ చూసుకునే మేట్రన్ మూర్ఛపోతుంది. మేట్రన్ పడిపోయే చోటు రాస్తూ నాకే నవ్వొచ్చింది.

చివరి పేజీలో నిజాలు: మా అమ్మమ్మ పేరు దీనమ్మ. మిషన్ బోర్డింగ్‌లో చదివింది. 1927లో తనకు ఇష్టమై తనే జుట్టు కత్తిరించుకుంది. కింద సంతకం పెట్టాను.

ఫోటో ఉంది కదా. 1927లో జుట్టు అలా ఉండి, మొహం అలా నవ్వుతుంటే ఇంకేం అర్థం ఉంటుంది?

అక్టోబర్ 20. బుధవారం

పేలు.

పొద్దున్న అమ్మమ్మ స్నానానికి వెళ్తే అమ్మ నా తల దువ్వింది. నేను సణుగుతుంటే అమ్మ అంది: "చిన్నప్పుడు నాకూ ఇలాగే ఉండేది. ఏడిస్తే మీ అమ్మమ్మ ఒకటే మాట. దువ్వుకోకపోతే నీకూ నా గతే పడుతుంది అనేది. బోర్డింగ్‌లో పేలు పడితే ఆవిడ జుట్టంతా తెగ్గోసేశారు తెలుసా."

పేలు పడ్డవాళ్ళందరినీ మేట్రన్ వరసగా కూర్చోబెట్టి కత్తిరించిందట. అమ్మమ్మ మూడు రోజులు అన్నం తినకుండా ఏడ్చిందట. చెవులు ఎర్రబడ్డది అందుకన్నమాట.

ఫ్లాపర్ లేదు, గ్రామఫోన్ లేదు. పేలు.

అక్టోబర్ 21

ఇది అబద్ధం కాదు. సంతకం పెట్టినప్పుడు నాకు తెలియదు. తెలియకుండా రాసింది పొరపాటు అవుతుంది, అబద్ధం అవదు.

అక్టోబర్ 22. శుక్రవారం

చివరి పేజీలో మార్పులుంటే ఈ రోజు మూడింటిలోపు ఇవ్వమంది మిస్ హోలిస్. మూడు దాటింది, లాకర్ దగ్గరే నిలబడి ఉన్నాను. ఇవ్వలేదు.

అయినా కథ కదా. కథలో ఏదైనా ఉండొచ్చు.

అక్టోబర్ 27

నన్ను ఎంచుకున్నారు.

మిస్ హోలిస్ క్లాసందరి ముందూ చెప్పింది. ఫ్లాపర్లంటే న్యూయార్క్, షికాగో అనుకుంటాం, ప్రపంచం అవతల కూడా ఒక పిల్ల కత్తెర తీసిందంటే తనకి ఒళ్ళు పులకరించిందట. మిగతా ఇద్దరిలో ఒకడు కెవిన్. వాళ్ళ తాత మద్యనిషేధం రోజుల్లో డెట్రాయిట్ నది మీదుగా కెనడా నుంచి దొంగతనంగా విస్కీ తెచ్చేవాడట. ఇంకొకతి డెబ్బీ. లంచ్‌లో డెబ్బీ వచ్చి నా పక్కన కూర్చుంది. మీ గ్రాండ్‌మా భలే కూల్ అంది. ఇన్నాళ్ళూ నా పక్క కుర్చీలో నా బ్యాగే కూర్చునేది.

ఇది అబద్ధం కాదు. ఇష్టమై కత్తిరించుకుంది అన్న ఒక్క వాక్యమే కదా. మిగతా అంతా నిజమే. పేరు నిజం, స్కూలు నిజం, జుట్టు కూడా నిజమే.

నవంబర్ 2. మంగళవారం

నిన్న సాయంత్రం మిస్ హోలిస్ ఇంటికి ఫోన్ చేసింది. అమ్మమ్మ స్టేజి మీద నా పక్కన కూర్చోవాలట. నాన్న ఫోనెత్తి, చాలా సంతోషమండీ, తప్పకుండా తీసుకొస్తామండీ అని ఇంగ్లీషులోనే మూడుసార్లు వంగి మరీ చెప్పాడు. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను.

అమ్మమ్మ ఏమని రాశావే అని అడిగింది. నీ బోర్డింగ్ రోజుల గురించి అన్నాను. ఆవిడ మొహం ఎంత వెలిగిపోయిందంటే నేను తల తిప్పుకున్నాను.

నవంబర్ 8. సోమవారం

నిన్న తెలుగు ఆరాధన. నెలకోసారి ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో పాతిక కుటుంబాలం చేరతాం. ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని అడగ్గానే అమ్మమ్మ లేచి నిలబడింది. తనని మనవరాలి స్కూల్లో సాక్ష్యం చెప్పడానికి పిలిచారని అందరికీ చెప్పింది. సామ్యూల్ అంకుల్ కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేశారు. ఈ బిడ్డ నోట సత్యమే పలికించు ప్రభువా అన్నారు. పాతిక కుటుంబాలూ ఆమెన్ అన్నాయి. నేను కూడా అన్నాను, ఏం చేయను.

ఎవరూ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అమ్మమ్మకి నేను చదివే ఇంగ్లీషు అర్థం కాదు, అంత వేగంగా చదువుతాను. అమ్మకి అర్థమవుతుంది. అమ్మకి ఆ రోజు నైట్ డ్యూటీ పడితే బాగుండు. పడకూడదని ప్రార్థన చేయాల్సింది పోయి, పడాలని చేస్తున్నాను.

నవంబర్ 12. శుక్రవారం

అమ్మకి సెలవు దొరికింది.

నవంబర్ 15. సోమవారం, స్టడీ హాల్, లంచ్

అంతా రాస్తాను. ఒక్కటీ వదలను.

ఆడిటోరియం నిండిపోయింది. మా క్లాసు అమ్మాయిలందరూ తలకి ఈకలు, మెడలో పొడుగు పూసలు, కుచ్చుల గౌన్లు. డెబ్బీ వాళ్ళమ్మ ముత్యాలు వేసుకొచ్చింది. అమ్మమ్మ తెల్ల చీర, పైన నాన్న స్వెట్టర్, కాళ్ళకి సాక్సు, బూట్లు. ముందు చార్ల్‌స్టన్ చేశారు. ఆవిడ ముఖం చిట్లిస్తుందనుకున్నాను. స్వెట్టర్ కింద వేళ్ళతో తాళం వేస్తోంది.

కెవిన్ చదివాడు. డెబ్బీ చదివింది. తర్వాత నేను. అమ్మమ్మ నా పక్క కుర్చీలో, ఒళ్ళో బైబిలుతో కూర్చుంది. మూడో వరసలో అమ్మ, నాన్న. కత్తెర దగ్గర జనం చప్పట్లు కొట్టారు. మేట్రన్ మూర్ఛపోతే నవ్వారు. చివరి పేజీ వచ్చింది. తల పైకెత్తాను. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని నావంకే చూస్తోంది. కోపంగా లేదు, ఎదురుచూస్తోంది.

సత్యమే పలికించు అన్న సామ్యూల్ అంకుల్ గొంతు గుర్తొచ్చిందని రాయాలనుంది. నిజానికి గుర్తొచ్చింది ఆయన కాదు. నా పేజీ మీద నా సంతకమే కనిపించింది, దాని పక్కన అమ్మమ్మ కూర్చుని ఉంది. అంతే.

ఈ పేజీలో మూడోది నిజం కాదు అని చెప్పాను. మా అమ్మమ్మ జుట్టు కోరి కత్తిరించుకోలేదు, పేలు పడితే కత్తిరించారు, ఆ సంగతి నాకు మూడు వారాలుగా తెలుసు అన్నాను. వెనక వరసల్లో ఎవరో నవ్వారు, ఆ నవ్వు ముందుకి పాకింది. మేట్రన్ దగ్గర నవ్విన నవ్వు కాదు అది. అమ్మమ్మని చూసి నవ్వుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను, నా కోసం కాదు.

అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పేల సంగతి చెప్పావా?" అంది. మిషన్ బోర్డింగ్‌లో చదివిన మనిషికి ఆ ఇంగ్లీషు మాట తెలియకుండా ఎలా ఉంటుంది, నా పిచ్చి కాకపోతే. అవునని తలూపాను. ఏం రాశానో, ఏం సంతకం పెట్టానో మొత్తం గబగబా చెప్పేశాను.

ఆవిడ బైబిలు నా చేతిలో పెట్టింది. లేచింది. చర్చిలో సాక్ష్యానికి లేచినట్టే కొంగు తల మీదికి లాక్కుని, మైకు ముందుకొచ్చి నిలబడింది. "నేను చెప్తాను, నువ్వు వాళ్ళకి చెప్పు. కలపకు, తీయకు" అంది.

నేను కలపలేదు, తీయలేదు. ఇదిగో ఆవిడ చెప్పింది.

మొదటిసారి పేలే. పదకొండుమందికి పడ్డాయి, పదకొండుమందికీ కత్తిరించారు. మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు పొద్దున్న మిగతా అమ్మాయిలందరూ ఒకరి వెనక ఒకరు కూర్చుని జడలు వేసుకుంటున్నారు. ఈవిడకి దువ్వడానికేమీ లేదు. పంపు దగ్గర తల తడుపుకుని, విదిలించుకుని, వెళ్ళి వంటగది వెనక మెట్ల మీద కూర్చుంది. అరగంట. ఎవరూ పిలవలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒంటరిగా ఊరికే కూర్చోవడం అదే మొదటిసారట. రోజూ అలాగే కూర్చునేదట, ఒక్కోరోజు చదువుకునేదట, ఒక్కోరోజు కాకుల్ని చూసేదట.

"తర్వాత జుట్టు పెరిగింది. భుజాల దాకా వచ్చింది. మళ్ళీ జడల వరసలో కూర్చోమంటారు. పేలున్నవాళ్ళకే కత్తిరిస్తారు, నాకేమో లేవు. అప్పుడు మరియమ్మ అనే పిల్ల దగ్గరికెళ్ళి రెండు పేలు అరువడిగాను."

ఇది ఇంగ్లీషులో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సొచ్చింది. చెప్పాను. హాలంతా ఘొల్లుమంది. ఈసారి నవ్వు వేరు. అమ్మమ్మ కూడా నవ్వుతోంది.

అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చుకుందట. తలలో వేసుకుని, తనే వెళ్ళి మేట్రన్‌కి చూపించిందట. రెండేళ్ళలో మూడుసార్లు. మూడోసారి ఆల్డెన్ దొరసానిగారు పట్టేసుకున్నారు. ఆవిడ సెలవు మీద అమెరికా వెళ్ళి, జుట్టు కురచగా కత్తిరించుకొచ్చి, అప్పటికే మిషన్ పెద్దల చేత చీవాట్లు తినివున్నారు. దీనమ్మ తలలో రెండే రెండు పేలుండడం చూసి ఆవిడకి అనుమానమొచ్చింది. అడిగితే ఈవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. దొరసానిగారు తిట్టలేదు. ఆ సాయంత్రమే జుట్టు కత్తిరింపించి, పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించారు.

"ఇష్టమయ్యే కత్తిరించుకున్నాను. నా మనవరాలు రాసింది నిజమే. తనకి తెలియదంతే. తర్వాత పాస్టరుగారిని చేసుకున్నాను, జుట్టు పెంచుకున్నాను. దేవుడికి ఎప్పుడో చెప్పుకున్నాను." ఇక్కడ ఆగింది. మూడో వరసకేసి చూసింది. "మా అమ్మాయికే చెప్పలేదు."

అదీ ఇంగ్లీషులో చెప్పాను. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. అమ్మ మాత్రం కొట్టలేదు.

కార్‌లో అమ్మ ముందు సీట్లో, అమ్మమ్మ, నేను వెనక కూర్చున్నాం. నాన్న నవ్వాపుకునే తంటాలో పడి, ఎక్కడా తిరిగేది లేకపోయినా సిగ్నల్ వేసి వదిలేశాడు. అది టిక్ టిక్ మంటూనే ఉంది. రెడ్ లైట్ దగ్గర అమ్మ వెనక్కి తిరక్కుండానే అడిగింది: "పదిహేనేళ్ళు నన్ను రోజూ అరగంట కూర్చోబెట్టి ఏడిపించావు. నీ గతే పడుతుందని బెదిరించావు. ఎందుకమ్మా?"

"నీకు చెప్తే నువ్వూ కత్తిరించుకునేదానివి."

"కత్తిరించుకునేదాన్నే."

లైట్ గ్రీన్ అయింది. నాన్న కదలలేదు.

"పాస్టరు ఇల్లు విమలా. తలుపు తీసిన దగ్గర్నుంచి జనం. మీరు ఐదుగురు పిల్లలు. నిన్ను నా ముందు కూర్చోబెట్టుకుని దువ్వే ఆ అరగంట ఒక్కటే నాకు దొరికేది. అది పోగొట్టుకోలేకపోయాను."

వెనక కారువాడు హారన్ కొట్టాడు. అమ్మ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, అమ్మమ్మ స్వెట్టర్‌లో మొహం పెట్టి ఏడ్చేశాను.

నవంబర్ 17. బుధవారం

మిస్ హోలిస్ క్లాసయ్యాక ఉండమంది. లాన్సింగ్‌కి కెవిన్ వెళ్తున్నాడు.

"నువ్వు రాసింది నిజం శాంతీ. కాని అబద్ధమని అనుకుంటూనే మూడు వారాలు దాన్ని అలాగే ఉంచావు. దీనికి ఎంత మార్కెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు," అంది. చివరికి బి వేసింది. న్యాయంగానే ఉంది. పూల్ గురించి ఒక్క పీరియడ్ బాధపడ్డాను. లంచ్‌లో డెబ్బీ మళ్ళీ నా పక్కనే కూర్చుని, పేలు అగ్గిపెట్టెలో ఎన్నాళ్ళు బతుకుతాయని అడిగింది. అమ్మమ్మని అడిగి చెప్తానన్నాను.

ఇంట్లో అమ్మ ఇంకా అమ్మమ్మతో ముక్తసరిగానే మాట్లాడుతోంది. అన్నం పెడుతుంది, మాత్రలిస్తుంది, కబుర్లు లేవు. అమ్మమ్మ కూడా ఏమీ అడగడం లేదు. నాకు అన్నిటికన్నా అదే కష్టంగా ఉంది.

నవంబర్ 22. సోమవారం, స్టడీ హాల్

శనివారం అమ్మ గ్రోసరీకని వెళ్ళింది. మూడు గంటలైనా రాలేదు. నాన్న రెండుసార్లు కిటికీ దగ్గరికెళ్ళి చూశాడు. గరాజ్ తలుపు చప్పుడైంది, అమ్మ వంటింట్లోకి వచ్చింది. చేతిలో ఒక్క పాల డబ్బా. జుట్టు చెవుల దాకా.

నాన్న కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. నేను అమ్మమ్మ వైపు చూశాను. అమ్మ కూడా అటే చూస్తోంది, గడ్డం కొంచెం పైకెత్తి, నాకన్నా చిన్నపిల్లలా. నలభై రెండేళ్ళావిడ.

అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. అమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ వెనక వేలితో తడిమి చూసింది.

"వెనక ఇంకొంచెం తీయించాల్సింది. మెడ మీద పడితే చిరాకుగా ఉంటుంది" అంది.

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆపలేకపోయింది. అమ్మమ్మ కూడా. నాన్నకి ఏమీ అర్థం కాక పాల డబ్బా తీసి ఫ్రిజ్‌లో పెట్టాడు.

ఈ రోజు పొద్దున్న ఆరుంబావు అయింది. నా మంచం పక్కన ఎవరూ లేరు. కిందికి దిగాను. అమ్మ అలవాటు కొద్దీ అరగంట ముందే లేచేసింది, దువ్వుకోవడానికి ఏమీ లేదు. వంటింట్లో టేబుల్ దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారు. అమ్మమ్మ మరియమ్మ గురించి ఏదో చెప్తోంది, అమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. నన్ను చూసి కూడా ఇద్దరూ లేవలేదు.

నేను తల విరబోసుకుని అలాగే బస్సెక్కాను.